మొకమాటం పడే బలం

“తెర అనద్దు మేడం.”

“మరి స్క్రీనింగ్‌ను ఏమనాలె? డిక్షనరీల తెర అనే ఉన్నది.”

“డిక్షనరీ రాసినాయన మన ల్యాబుకు వచ్చిండా? తెర అంటె ఎవరో ఒకరు కట్టాలె. గుంజలు పాతాలె, తాడు గుంజాలె. మీరు చెప్పే బలానికి తెర ఎవరు కట్టిన్రు?”

“ఎవరూ కట్టలే. దానంతటదే దాసుకుంటది.”

“దానంతటదే దాసుకునేదాన్ని తెర అంటరా? మొకమాటం అంటరు.”

“అరె రాజవ్వా! బలానికి మొకమాటం ఏంది? దానికి మొకం ఉన్నదా? రేపు తల్లిదండ్రుల ముంగట గట్ల అంటె నవ్వుతరు.”

“నవ్వనియ్యిన్రి. నవ్వెటోళ్లు మేలుకోని ఉన్నట్టే గద. తెర అంటె కునుకు తీస్తరు.”

“నీకు ప్రతిదాంట్ల వేలు పెట్టుడు అలవాటైంది.”

“కూసో, చదువుత విను అన్నది మీరే. విని ఊకునుడు నాతోని గాదు.”

“అసలు నీకు మొకమాటం అంటె ఏందో తెలుసా? ఎన్నడన్న పడ్డవా?”

“నేను పడలే. పడెటోళ్లను మస్తుమందిని చూసిన. ఇగో, ఇప్పుడు గూడ ఒకల్ని చూస్తున్న. ఈడ నా ముంగట ఇంత లొల్లి చేస్తున్నరు గద, రేపు స్టేజీ ఎక్కినంక మీ నోరు పెగలదు.”

ఆ మాటకు షాహిన్ మేడం కాయిదం మడత పెట్టి బ్యాగుల వేసుకోని లేచి పోయింది. పోసిన చాయ్ గట్లనే ఉన్నది. పారబోస్తె పాపం గద, నేనే తాగిన.

ఇది మా సిద్దిపేట కాలేజీ ఫిజిక్స్ ల్యాబుల, పొద్దుగూకే యాళ్లకు జరిగిన ముచ్చట. నేను ఆ ల్యాబు అటెండర్ని. మేడం ఆడ ఫిజిక్స్ చెప్తది. తెల్లారితె ఇంటర్ పాసైన ఆడపిల్లలు, వాళ్ల అవ్వనాయినలు కాలేజీ చూడ వస్తరు, ఏ గ్రూపుల చేరాల్నో ఖాయం చేసుకుంటరు. కొన్నేండ్ల సంది అందరు కంప్యూటర్ల దిక్కే ఉరుకుతున్నరు. ప్రిన్సిపాల్ సారు ముందుగాలనే చెప్పిండు: ఈసారి గూడ పిల్లలు చేరకపోతె ఫిజిక్స్ గ్రూపు ఎత్తేసుడే, ల్యాబు రూము కంప్యూటర్లకు ఇచ్చుడే. అందుకని మేడం హాలుల మైకు పట్టుకోని, తను డాక్టరేట్ చేసిన చదువేందో తెలుగుల చెప్పాలె. విన్న పిల్లలకు ఆశ పుట్టాలె. ఆమె ఇంట్ల దక్కనీ మాట్లాడుతది, క్లాసుల ఇంగ్లీషు, కూరగాయలకాడ తెలుగు. చదువు ముచ్చట తెలుగుల నాకు తప్ప ఎవరికి ఎన్నడు చెప్పలే. నా జీతం పోయేది లేదు, ఆ నెలాఖరుకు నేను ఎట్లైన రిటైర్ అయితున్న. కని ఆ ల్యాబు పోతదంటె నాకు అన్నం సయించలే.

ఇప్పుడు నా జాగల మానస అనే పిల్ల వచ్చింది. “అవ్వా, పని ఎట్ల చెయ్యాల్నో చెప్పవా” అని ఫోన్ల మీద ఫోన్లు. ఫోన్ల చెప్తె గాలికి పోతది. అందుకే రాస్తున్న. నేను అయిదో తరగతి దాంక చదివిన, అక్షరాలు కొంచెం వంకర పోతయి, సర్దుకోని చదువుకోవాలె. సర్వీసు పుస్తకం, ఇంక్రిమెంట్లు, సెలవు చీటీలు, ఇవన్ని ఆఫీసోళ్లు చెప్తరు. వాళ్లు చెప్పనివి నేను చెప్త.

ఫ్యాన్ బందు వెట్టుడు

అటెండర్ అంటె చాయ్ తెచ్చెటోళ్లు అనుకుంటరు. చాయ్ గూడ తేవాలె, అండ్ల సిగ్గేం లేదు. కని ఫిజిక్స్ ల్యాబుల అసలు పని వేరే. అడ్డం వచ్చేవాటిని ఆపుడు మన పని. గాలిని ఆపాలె. తలుపు కొట్టుకోకుండ ఆపాలె. బల్ల మీద మోచేతులు ఆనిచ్చి ముచ్చట పెట్టే పిల్లలను ఆపాలె.

పెండ్యులం ఉంటది గద. ఒక స్టాండు, చీల్చిన బిరడా, బిరడాల దారం, దారానికి గుండు. పిల్లలు బాబ్ అంటరు, నేను గుండు అంట. గుండును జెర పక్కకు జరిపి ఇడిస్తె ఊగుతది. ఊపులకు ఎంతసేపు పట్టిందో చూసి, దారం ఎంత పొడుగుందో చూసి, భూమి ఎంత జోరుగ గుంజుతుందో లెక్క తీస్తరు. గంతే. చిన్నపిల్లల ఊయల లెక్కనే. కని పైన ఫ్యాన్ తిరిగిందా, గుండు సక్కగ ఊగదు, గుండ్రంగ తిరుగుతది, పెండ్లి బారాత్‌ల తాగినోని లెక్క.

ఎండకాలం ఫ్యాన్ బందు వెడ్తె పిల్లలు మొత్తుకునేది.

“అవ్వా, సచ్చిపోతున్నం!”

“సచ్చేదాంక ఊపులు లెక్కపెట్టుండ్రి.”

వెనుక నన్ను కరెంటు పిసినారి అనుకునేది. అనుకోనియ్. కరెంటూ మిగిలింది, లెక్కా సక్కగొచ్చింది. మానసా, నువ్వు గూడ బందు వెట్టు. అందరితోని మంచిగ అనిపించుకోవాలంటె ఈ పని చెయ్యలేవు.

ఇంకొకటి. కొందరు పిల్లలు తొమ్మిది పాయింట్ ఎనిమిది అని జవాబు ముందుగాలనే రాసి, దానికి అతికేటట్టు ఊపులు తర్వాత రాస్తరు. నాకు వాళ్ల లెక్కలు సమజ్ కావు. నేను గుండును చూస్త. రికార్డు నిండిపోయింది, గుండు మీద దుమ్ము గట్లనే ఉన్నది! “ఏం బిడ్డా, మీ గుండు దుమ్ము రాలకుండ ఊగిందా?” అంటె తలకాయ వంచుకునేది. తప్పు లెక్క వచ్చిన పిల్లను ఏమనకు. మరీ సక్కగ వచ్చిన పిల్ల దిక్కు ఒకసారి చూడు.

గాలం దారం

నేను చేరిన కొత్తల నర్సిములు సారు మా ఫిజిక్స్ పెద్ద. మనిషి ఎత్తు, గొంతు ఇంక ఎత్తు. ల్యాబుల ఆయన నవ్వితె కిటికీ అద్దాలు గలగలమనేది.

ఆ ఏడు నూలు దారాలు మాటిమాటికి తెగుతుండె. గుండు కిందవడుడు, పిల్లలు కేక వెట్టుడు, ఇదే పని. ఒక పిల్ల వాళ్ల ఇంట్ల చేపలు పడ్తరు. “అవ్వా, మా నాయిన గాలం దారం తెస్త, ఎంత గుంజినా తెగది” అన్నది. ఉత్తగ వస్తుంటె వద్దంటనా? తెమ్మన్న. అన్ని గుండ్లకు గాలం దారం కట్టినం. మెరుస్తున్నయి, తెగుతలేవు. నేను మస్తు సంబురపడ్డ.

ఇగ సూడు, అందరి లెక్కలు తక్కువ వచ్చుడు షురువైంది. ఒక్క పిల్లకు గాదు, అందరికి. సారు ముందు కోపం చేసిండు. తర్వాత తనే కూసోని ఊపులు లెక్కపెట్టిండు. ఆయనకు గూడ తక్కువే వచ్చింది. సారు మొకం మారింది. మెల్లగ నా దిక్కు తిరిగి, “రాజవ్వా, సిద్దిపేటల భూమి గుంజుడు తగ్గిందా ఏంది?” అన్నడు.

“తగ్గితె బిందెలు మోసేటోళ్లకు మంచిదే గద సారు” అన్న.

ఆయన నవ్వలే. నిజంగనే ఆలోచన చేస్తుండు. వరండాల అటు ఇటు తిరిగిండు. ఈడ భూమి లోపల ఏమన్న తేడా ఉన్నదా, ఎవరికన్న రాయాల్నా అని. ఆ పొద్దంత మనిషి పెండ్లికొడుకు లెక్క మెరిసిపోయిండు. మర్నాడు మల్ల వచ్చి, దారాన్ని గుండుతోని గట్లనే ఏలాడదీసి స్కేలు పెట్టి కొలిసిండు. పిల్లలు దారాన్ని బల్ల మీద పెట్టి కొలిసి తర్వాత కట్టిన్రు. గుండు బరువుకు గాలం దారం సాగింది. పొడుగు పెరిగింది, ఊపు నిమ్మళమైంది, లెక్క తగ్గింది. భూమి ఎప్పటి లెక్కనే ఉన్నది.

సారు స్టూలు మీద కూలవడి నవ్విన నవ్వు నాకు ఇప్పటికి యాదికున్నది. “భూమిని అనేముందు దారం చూసుకోవాలె రాజవ్వా, దారం చూసుకోవాలె!” ఆ సంది మా ల్యాబుల గుండును ఏలాడదీసినంకనే కొలుస్తరు. మానసా, ఇది మర్చిపోకు.

సారు నోరు

ఆ నర్సిములు సారే ప్రిన్సిపాల్ రూములకు పోతె వేరే మనిషి. ల్యాబుల పులి, ఆడ పిల్లి. పక్కన నిలబడ్డ నా చెవుల మాత్రం గుసగుస పెడ్తడు, “అద్దం అడుగు, అద్దం అడుగు” అని. బల్లకు ఆ దిక్కున్న ప్రిన్సిపాల్‌కు ఒక్క మాట వినవడదు.

అద్దం ముచ్చట ఏందంటె, మా దగ్గర ఒక సున్నితమైన త్రాసు ఉంటుండె, అద్దాల పెట్టెల. మనిషి ఊపిరి తగిలినా దాని ముల్లు కదులుతది, అందుకే అద్దాల పెట్టె. దాని ఒక పక్క అద్దం పగిలింది. కొత్తది కావాలె. పెద్ద చదువులు చదివిన సారుకు ఆ ముచ్చట అడుగ మొకమాటం. ఎదుటోళ్లు ఏమనుకుంటరో, ఇబ్బంది పడ్తరో, అడిగినందుకు చిన్నగైతనో అని. చెడ్డ మనిషి గాదు, శానా మంచి మనిషి. నేనే అడిగిన. పైసలు లేవన్నరు. పాత గోదాముల ఇరిగిన కిటికీ ఒకటి పడి ఉండె. దాని అద్దం కోయించి బిగించిన. ఇప్పటికి అదే అద్దం.

మొకమాటం మంచి గుణం అంటరు. పెండ్లిళ్లల, పేరంటాలల మంచిదే కావచ్చు. ల్యాబుకు మాత్రం అది పనికిరాదు. ఉన్న బలం గూడ లేనట్టే కనవడతది.

షాహిన్ మేడం చదువు

నర్సిములు సారు పోయిన శానా ఏండ్లకు షాహిన్ మేడం వచ్చింది. సన్నటి మనిషి, సన్నటి గొంతు. మీటింగుల వెనుక కుర్చీల కూసుంటది. ఎవరన్న పేరు పెట్టి పిలిస్తె ఉలిక్కిపడ్తది. కని పిల్లలందరు పోయినంక, నేను సామాను సర్దుతుంటె, ఆమె స్టూలు మీద కూసోని తన చదువు ముచ్చట షురు చేస్తె ఆగేది లేదు. చేతులు తిప్పుడు, కండ్లు మెరుసుడు, మాటలు ఉరుకుడు. నేను అడ్డం పడి అడుగుడు. గట్ల తెలిసిందే నేను ఈడ రాస్తున్న, తప్పుంటె నాది.

ఆకాశంల చుక్కల గుంపులు ఒకదానికొకటి దూరం జరుగుతున్నయట. అన్నిటికి గుంజుకునే గుణం ఉన్నది గద, జరుగుడు నిమ్మళం కావాలె. కని ఇంక జోరైతున్నదట.

“ఎందుకట?” అన్న.

“గదే ఎవరికి తెల్వది రాజవ్వా. కొందరేమో ఖాళీ జాగలనే ఏదో తోసేది ఉన్నదంటరు. కొందరేమో గుంజుడు గురించి మనం రాసుకున్న లెక్కనే దూరం పోతె జెర మారుతదంటరు. నేను చదివింది ఆ రెండో దిక్కు.”

“దారం చూసుకున్నరా?”

మేడంకు సమజ్ కాలే. గాలం దారం ముచ్చట చెప్పిన. ఆమె నవ్వీ నవ్వీ కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది. “యా అల్లా! మా లొల్లి అంత గదే. దారం సాగిందా, భూమి మారిందా. దునియంత గదే కొట్లాట.”

లెక్క మార్చాలనెటోళ్లు ఏమంటరంటె, మామూలు గుంజుడుకు తోడు ఇంకొకటి అంతట నిండి ఉన్నదట. దాన్ని ఎట్ల అనుకోవాలె అంటె, వేడి లెక్క అనుకో అన్నది మేడం. పొయ్యికాడ వేడి ఇంత, వాకిట్ల ఇంత, బాయికాడ ఇంత. ప్రతి జాగకు ఒక అంకె, గంతే. ఎటు దిక్కు అని ఉండదు. ఆ అంకె ఒక జాగకెల్లి ఇంకో జాగకు మారేకాడ అదొక కొత్త గుంజుడు అయితదట.

“మరి మన గుండు మీద ఆ కొత్త గుంజుడు ఎందుకు కనవడదు?”

మేడం స్టూలు మీదికెల్లి లేచింది. “శభాష్! నా డాక్టరేట్ అంత గా ఒక్క ప్రశ్నకే రాజవ్వా.”

ఇగ చెప్పింది. ఆ నిండి ఉన్నది మందిల పడితె, అంటె భూమి, రాళ్లు, గోడలు, దట్టంగ బరువున్న జాగల, తను గూడ బరువెక్కుతదట. బరువెక్కితె దాని గుంజుడు దూరం పోదు, పక్కదాంక పోయి ఆగుతది. ఖాళీ జాగల తేలికైతది, అప్పుడు శానా దూరం అందుకుంటది. ఇంత పెద్ద భూమి ఉన్నదా, దాంట్ల పైన ఉల్లిపొట్టు మందమే బయటికి గుంజుతది, లోపలిదంత సప్పుడు చెయ్యదు. చుట్టుపక్కల చూసి రంగు మారుస్తదని దానికి ఊసరవెల్లి పేరు పెట్టిన్రట.

“ఆగుండ్రి. ఇది నర్సిములు సారు గద! ప్రిన్సిపాల్ రూముల పక్కనున్న నా చెవిదాంకనే వచ్చేది ఆయన మాట” అన్న.

మేడం నవ్వింది. ఇంకో రకం గూడ ఉన్నదన్నది. దట్టమైన జాగల అది మనతోని సంబంధమే తెంపుకుంటది. ఉంటది, కని మనలను ముట్టదు. అది మా ఆడిబిడ్డ అన్న. పెద్దోళ్ల పెండ్లిల కనవడితె నన్ను గుర్తే పట్టదు, ఖాళీ బస్సుల కనవడితె ఒక్కతీరు ముచ్చట. మూడో రకం గూడ చెప్పింది, పెద్ద బరువు చుట్టు శానా దూరం దాంక తనను తనే పట్టుకోని ఆగిపోతదట. దానికి నాకు మనిషి దొరకలే. “అన్నిటికి మనుషులను తెస్తె ఎట్ల రాజవ్వా, కొన్నిటికి లెక్కనే కావాలె” అన్నది మేడం. సరే అన్న.

దాన్ని ఎట్ల దొరకబడ్తరో గూడ అడిగిన. మందమైన గిన్నెలకెల్లి గాలి అంత తీసేసి, ఆ ఖాళీల శానా చిన్న వస్తువును, అణువులంతటి వాటిని పెట్టి చూస్తరట. పెద్ద వస్తువు పెడ్తె ఆ వస్తువే దాని నోరు మూయిస్తది.

“దొరికిందా?”

“ఇంక లేదు.”

“దొరకనిదానికి జీతం ఇస్తరా?”

“లేకపోతె లేదని తేల్చుడు గూడ పనే గద రాజవ్వా. ఈ జాగల వెతికినం, ఈడ లేదు అని చెప్తె, వెనుక వచ్చేటోళ్లకు ఆ జాగ వెతుకుడు తప్పుతది.”

ఆ మాట నాకు నచ్చింది. ఇల్లు సర్దేటోళ్లకు ఎవరికన్న నచ్చుతది.

ఇంత చెప్పగల్ల మనిషి పోయిన ఏడు హాలుల మాట్లాడ నిలబడి, “నమస్తే, మా డిపార్ట్‌మెంట్ మంచిది, చేరండి” అని కూసున్నది. గంతే! ఒక్క పిల్ల గూడ ఇటు దిక్కు రాలే. అందుకే ఆ పొద్దుగూకంగ నేను గట్ల అన్న. ఆమెకు నొచ్చిందని తెలుసు. కని తెర అని డిక్షనరీ మాట పట్టుకోని స్టేజీ ఎక్కితె మల్ల అదే అయితది, గ్రూపు పోతది. నొప్పి తగ్గుతది, గ్రూపు పోతె మల్ల రాదు.

తెల్లారి

పొద్దుగాలనే పోయి ల్యాబు ఊడ్సిన. కొత్త నూలు దారం కట్టి గుండు ఏలాడదీసి, అప్పుడు కొలిసిన. మేడం వచ్చింది. నా దిక్కు చూడకుండ బ్యాగు పెట్టింది.

“చాయ్ తాగుతరా?” అన్న.

“నిన్నటిది ఉన్నదా?”

“అది నేను తాగిన.”

మూతి బిగవట్టింది కని నవ్వు ఆగలే. ఇగ నేను ఇడువలే. “మేడం, మీరు స్టేజీకి పోవద్దు. నేను పిల్లలను ఈడికే తెస్త. కొద్దికొద్దిమందిని. తలుపు పెడ్త. మీరు నాకు చెప్పినట్టే చెప్పుండ్రి.”

“ప్రిన్సిపాల్ సారు ఒప్పుకుంటడా? నేను అడుగలేను తల్లీ.”

“మిమ్మల్ని ఎవరు అడుగుమన్నరు?”

పోయిన. ప్రిన్సిపాల్ సారు టై సర్దుకుంటుండు. “అందరు హాలుల మాట్లాడుతుంటె మీకు వేరే ఏంది రాజవ్వా?” అన్నడు.

“హాలుల ఫ్యాన్లు తిరుగుతయి సారు. గుండు సక్కగ ఊగదు.”

ఆయనకు ఏం సమజైందో ఏమో, సరే పో అన్నడు.

మొదటిసారి చింతమడక కెల్లి ఆటోల వచ్చిన ఒక పిల్లను, వాళ్ల నాయినను, ఇంకొందరు పిల్లలను తీసుకొచ్చిన. ఫ్యాన్ బందు వెట్టి తలుపు మూసి దానికి ఆనుకోని నిలబడ్డ. మేడం కాయిదం తీసింది. “ఆకాశంలో గురుత్వాకర్షణకు తెర...” అన్నది. ఆగింది. కాయిదం దిక్కు చూసింది, గుండు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. కాయిదం మడత పెట్టి జేబుల వేసుకున్నది. గుండును జరిపి ఇడిసింది.

“దీన్ని భూమి గుంజుతుంది. అది మనకు ఎర్కే. దానికి తోడు ఇంకొక బలం ఉన్నదేమో అని కొందరికి అనుమానం. ఉంటె ఈ గుండు మీద ఎందుకు కనవడతలేదు? ఎందుకంటె దానికి మందిల మొకమాటం.”

పిల్లలు కిసకిస నవ్విన్రు.

“ఈ మాట రాజవ్వ పెట్టింది. నిన్న ఆమెతోని కొట్లాడిన. ఇప్పటికి గూడ నాకు సగమే నచ్చింది. మొకమాటం మనసున్నోళ్లకు ఉంటది, దీనికి మనసు లేదు. చుట్టూ ఎంత దట్టంగ ఉంటె అంత బరువెక్కుతది, దాని చెయ్యి దూరం అందదు. ఇది మనసు లేని మొకమాటం అనుకోండి.”

మనసు లేని మొకమాటం! ఆ మాట నాకు తట్టలే. నా మాటకంటె మంచిగున్నది.

చింతమడక నాయిన చెయ్యి ఎత్తిండు. “మేడం, అది కనవడదు, వినవడదు, మందిల ఉంటె లేనట్టే ఉంటది. మరి ఉన్నదని ఎట్ల నమ్మాలె?”

“నమ్మద్దు అన్నా. నేను గూడ నమ్మలే. వెతుకుతున్న. మీ బిడ్డ వస్తె తను గూడ వెతుకుతది.”

ఆయన బిడ్డ దిక్కు చూసిండు. బిడ్డ గుండునే చూస్తుంది, రెప్ప కొడ్తలేదు.

గదే యాళ్లకు హాలుల మైకు బందైందట. ఎవరి మాట ఎవరికి వినవడక మంది బయటికొచ్చిన్రు. ల్యాబుల నవ్వులు ఇని అందరు ఇటే మళ్లిన్రు. తలుపు నూకుడు షురువైంది. నేను కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డ.

“ఆగుండ్రి! మంది ఎక్కువైతె పాడైతది!”

చేర్యాల బస్సుల వచ్చిన ఒకామె తలుపు సందులకెల్లి, “ఏం పాడైతది అవ్వా? మేము ఏం ముట్టం” అన్నది.

“మీరు ముట్టుడు గాదు, మీరు ఉండుడే పాడు!”

“అగో, గిదేం మాటనే! దేవుని గుడిల గూడ గిట్ల అనరు!”

ఎంతసేపు ఆపుత? నా వయసు నాకుంటది గద. తలుపు తెరుసుకున్నది, మంది వరద లెక్క వచ్చిన్రు. బల్లల నడుమ, స్టూళ్ల మీద, కిటికీ గడపల మీద, కాలు పెట్ట జాగ లేదు. అయిపోయింది, మేడం గొంతు ఇగ రాదు అనుకున్న. కండ్లు మూసుకున్న.

గొంతు వచ్చింది. పెద్దగ వచ్చింది. కండ్లు తెరిసి చూస్తె మేడం స్టూలు ఎక్కి నిలబడ్డది.

“మంచిగైంది, దట్టంగ వచ్చిన్రు! ఎవరు కదలకుండ్రి. ఏ బిడ్డా, నీ పేరేంది, చెప్పకు, చెప్పకు! పక్కదాని చెవుల గుసగుస చెప్పు. ఆ కిటికీకాడి కాకా, వినవడ్డదా?”

“లేదు మేడం!”

“పేరు లేదా మరి ఈ పిల్లకు?”

“ఉంటది మేడం, ఈడిదాంక రాలే!”

“శభాష్! గదే కాకా. బలం లేక గాదు, దట్టంల దూరం రాలే. మీరు గీ ఒక్క మాట పట్టుకోని ఇంటికి పోతె చాలు.”

కాకా మీసం దువ్వుకున్నడు. ల్యాబంత గొల్లున నవ్వింది. మేడం నా దిక్కు తిరిగింది, అందరి ముంగట గట్టిగ అన్నది:

“రాజవ్వా! మందిల నా నోరు పెగలదన్నవు గద? నీ లెక్క తప్పింది. పోయి దారం చూసుకో!”

ఎవరికి ఏం సమజ్ కాకున్నా అందరు నవ్విన్రు. నాకు సమజైంది. నేను తలుపుకు ఆనుకోని, కొంగు మూతికి అడ్డం పెట్టుకోని, కడుపు పట్టుకోని నవ్విన. ఇన్నేండ్ల నౌకరిల నా లెక్క తప్పినందుకు గంత సంతోషం ఎన్నడు కాలే.

ఇంతమంది ఒక్క రూముల పడేసరికి ఉక్కవోస్తుంది. ముసలోళ్లు తువ్వాలలు ఊపుకుంటున్నరు. నేను పోయి ఫ్యాన్ వేసిన. ఊగే గుండు దారి తప్పి గుండ్రంగ తిరుగుడు వెట్టింది.

“రాజవ్వా, గుండు!” అని మేడం కేకేసింది.

“తిరగనియ్యిన్రి” అన్న.

తర్వాత అయింది ఇది. ఫిజిక్స్ ఫారాలు అయిపోయినయి, ఆఫీసుకు పోయి మల్ల తెచ్చిన్రు. చింతమడక పిల్ల మొదట రాసింది. ఆటోలు పొద్దుగాల ఎన్ని గంటలకు దొరుకుతయో వాళ్ల నాయిన నన్నే అడిగిండు. ప్రిన్సిపాల్ సారు వచ్చి, లోపలికి రా జాగ లేక గడపకాడనే నిలబడి చూసి, “కంప్యూటర్లకు వేరే రూము చూద్దాం లే” అన్నడు. అందరు పోయినంక గుండును చేతితోని ఆపి, దారం చుట్టి డబ్బల పెట్టి, ఫ్యాన్ బందు వెట్టిన. మేడం చాయ్ అడిగింది. ఈసారి అడుగుదాంక తాగింది.